హాల్‌స్టాట్ – ఉప్పు కట్టిన ఊరు

ఉప్పు అనగానే మనకు సముద్రం గుర్తుకు వస్తుంది. నౌపడా వైపో, చినగంజాం వైపో వెళ్ళినవారికి ఎండలో తెల్లగా మెరిసే ఉప్పుమడులు తెలిసినవే. కాని సముద్రానికి ఎంతో దూరాన, మంచుకొండల నడుమ, కొండ కడుపు తవ్వి ఉప్పు తీసిన ఊరు ఒకటి ఉన్నది. అది ఆస్ట్రియా దేశంలోని హాల్‌స్టాట్. పేరు తెలియకపోయినా దాని బొమ్మను మీలో చాలామంది చూచే ఉంటారు. నిశ్చలమైన సరస్సు, ఒడ్డున సూదిమొన లాంటి చర్చి శిఖరం, దాని వెనుక ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్లుండే కొయ్య యిళ్ళు, ఆ పైన నిట్టనిలువు కొండ. క్యాలెండర్లకోసమే పుట్టినట్లుంటుంది ఆ దృశ్యం.

2023 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన ఒక సదస్సుకు వెళ్ళినప్పుడు రెండు రోజులు వీలు చేసుకొని ఆ ఊరు చూచి వచ్చాను. అయితే ఈ వ్యాసం ఉద్దేశం ఆ అందాన్ని వర్ణించడం కాదు. అందుకు కవులున్నారు, కెమెరాలున్నాయి. చరిత్ర విద్యార్థిగా నాకు అక్కడ తట్టిన విషయం వేరు. ఆ ఊళ్ళో మనం 'ఎంత బాగుందో' అనుకొనే ప్రతి వస్తువు వెనుకా గని ఉన్నది. ఆ సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊరు అక్కడే ఎందుకున్నది?

హాల్‌స్టాట్ సరస్సు పొడవు సుమారు 6 కిలోమీటర్లు, లోతు 125 మీటర్ల దాకా ఉంటుంది. ట్రౌన్ అనే నది అందులో ప్రవేశించి అవతలి కొసన బయటికి పోతుంది. దక్షిణాన దాదాపు 3,000 మీటర్ల ఎత్తున్న డాక్‌స్టైన్ పర్వతం. ఊరి జనాభా సుమారు 750 మాత్రమే. మన జిల్లాల్లో ఒక చిన్న శివారు గ్రామం పాటి!

రైలు దిగితే సరస్సుకు ఇవతలి ఒడ్డున దిగుతాం. ఊరు అవతలి ఒడ్డున ఉంటుంది. పడవ ఎక్కి దాటాలి. 1877లో రైలుమార్గం వేసినప్పుడు ఊరివైపు పట్టాలు పరచడానికి చోటే లేదు. బండ్లు నడిచే రోడ్డు కూడా 1890లో కొండచరియను పేల్చి వేసిందే. అంతవరకూ పడవ, కాకపోతే కాలిబాట. అంతే.

పడవలోంచి చూస్తున్నప్పుడు ఎవరికైనా కలగవలసిన ప్రశ్న ఒకటుంది. పొలం దున్నుకోవడానికి సెంటు భూమి లేదు, మందలు మేపడానికి మైదానం లేదు. నీటికీ కొండకూ మధ్య ఇరుకు పట్టీ తప్ప మరేమీ లేని ఆ చోట మనుషులు ఎందుకు ఊరు కట్టుకొన్నారు? దీనికి జవాబు ఊళ్ళో లేదు. ఊరికి సుమారు 350 మీటర్ల పైన, కొండల మధ్య దాగిన చిన్న లోయలో ఉన్నది. ఆ లోయకే 'ఉప్పుకొండ లోయ' అని పేరు. ఊరి పేరులోని 'హాల్' అన్న శబ్దాన్ని కూడా ఉప్పుతోనే ముడిపెడతారు. ఆ ప్రాంతంలో హాల్, హాలైన్ వంటి ఉప్పు ఊళ్ళు మరికొన్ని ఉన్నాయి.

కొండలోకి ఉప్పు ఎలా వచ్చింది?

భూగర్భశాస్త్ర విద్యార్థులకు ఇది తెలిసిన పాఠమే. ఇతరులకోసం క్లుప్తంగా చెబుతాను. సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ వేడి వాతావరణంలో లోతు తక్కువైన సముద్రం ఉండేది. ఆ నీరు ఇగిరిపోతూ అడుగున ఉప్పు పేరుకొన్నది. మన ఉప్పుమడిలో నెలల్లో జరిగే పనే అక్కడ లక్షల ఏళ్ళపాటు జరిగిందన్నమాట. తరువాత దానిపై వేరే పొరలు పడ్డాయి. ఆల్ప్స్ పర్వతాలు పైకి లేచినప్పుడు ఈ ఉప్పు బంకమట్టితోను, జిప్సంతోను కలిసి నలిగి, కొండల మధ్యకు చేరింది. కాబట్టి గనిలో కనిపించేది మనం ఊహించుకొనే తెల్లని రాయి కాదు. ఎర్రగా, బూడిదరంగుగా, చారలు చారలుగా ఉండే మిశ్రమం.

తొలి గనివారు

ఆ లోయలో దొరికిన జింకకొమ్ము గునపాన్ని బట్టి అక్కడి మనుషులకు ఉప్పుతో సంబంధం సుమారు 7,000 సంవత్సరాలదని పండితులు చెబుతున్నారు. కంచుయుగం నాటికి అది పెద్ద గని. భూమిలోకి నూరు మీటర్లకు పైగా దిగిన బావులుండేవి. కంచు గునపాలతో ఉప్పు కొట్టి, తోలుసంచుల్లో మోసేవారు. వెలుతురుకు సన్నని కొయ్యపుల్లలు వెలిగించుకొనేవారు. కాలి పడేసిన పుల్లలు ఈనాటికీ పాత గనిలో కుప్పలుగా దొరుకుతున్నాయి.

ఉప్పుకు ఒక గుణం ఉన్నది. అది కుళ్ళనివ్వదు. మన ఆవకాయ జాడీలో చేసే పనే కొండలోనూ చేసింది. బయట అయితే ఎప్పుడో మట్టిలో కలిసిపోయే కొయ్య, తోలు, ఉన్ని, తాళ్ళు అక్కడ చెక్కుచెదరకుండా నిలిచాయి. 2002, 2003 ప్రాంతంలో ఒక కొయ్య మెట్లదారి బయటపడింది. చెట్టు వలయాలు లెక్కగట్టి చూస్తే దానికి వాడిన చెట్లు క్రీస్తుపూర్వం 1344 ప్రాంతంలో నరికినవని తేలింది. యూరపులో ఇప్పటివరకు దొరికిన కొయ్యమెట్లలో అదే పురాతనమైనదంటారు. గనిలోపల దాన్ని నేను చూచాను. విడిభాగాలుగా తయారుచేసి గనిలో బిగించుకొనేదిగా, వాలును బట్టి మెట్టును సర్దుకొనేదిగా దాన్ని చేశారు. చదువు, లిపి లేని కాలపు వడ్రంగి అది చేశాడంటే కాసేపు నోట మాట రాలేదు.

ఇంకొక సంగతి చెబితే మీరు నవ్వవచ్చు, కాని చరిత్రకు అది బంగారం. గనివారి మలం కూడా ఉప్పులో చెడకుండా ఉండిపోయింది! వారు తిన్నది బార్లీ, చిరుధాన్యాలు, చిక్కుడుజాతి గింజలు కలిపి ఉడికించిన సంకటి వంటి ఆహారమని దానిని బట్టే తెలిసింది. 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, సుమారు 2,700 ఏళ్ళనాటి నమూనాలో బీరు పులియబెట్టే ఈస్టు, ఒక రకం జున్నును పక్వం చేసే బూజు బయటపడ్డాయి. రాజుల విందు ఎలా ఉండేదో కావ్యాల్లో ఉంటుంది. కూలివాడు ఏం తిన్నాడో ఏ కావ్యంలోనూ ఉండదు. అక్కడ మాత్రం ఉప్పు వ్రాసిపెట్టింది.

చిన్న పాదాలకు సరిపోయే తోలుజోళ్ళు కూడా గనిలో దొరికాయి. అంటే పసిపిల్లలు సైతం లోపలికి దిగేవారు. పైన శ్మశానంలో దొరికిన ఎముకలను పరీక్షించినవారు చిన్నప్పటినుంచీ బరువులు మోసిన గుర్తులు వాటిమీద ఉన్నాయని చెప్పారు. అవే సమాధుల్లో బాల్టిక్ తీరపు అంబర్, దంతపు పిడికి అంబర్ పొదిగిన కత్తులు ఉన్నాయి. దేశదేశాల సరుకు ఉప్పుకు మారుగా వచ్చి చేరింది. సంపద ఎంతో, శ్రమ అంత.

ఒక గని అధికారి చేసిన పని

ఆ శ్మశానం సంగతి తెలియడానికి కారకుడు యోహాన్ జార్జ్ రామ్‌సవర్. ఆయన పురావస్తు పండితుడు కాడు, గనిలో అధికారి. 1846లో లోయలో సమాధులు బయటపడ్డాయి. ఆ కాలంలో ఇటువంటివి దొరికితే బంగారం ఏరుకొని మిగిలింది పారవేయడమే మామూలు. ఆయన అలా చేయలేదు. 1863 వరకు సుమారు 980 సమాధులు తవ్వించి, ఒక్కొక్కదానికి అంకె వేసి, ఎముకలు ఏ దిక్కుగా ఉన్నాయో, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో వ్రాయించి, నీటిరంగులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు గీసిన ఇసిడోర్ ఎంగ్ల్ కూడా గని ఉద్యోగే.

ఆ రాతల విలువ తరువాత తెలిసింది. 1874లో స్వీడన్ దేశపు పండితుడు హాన్స్ హిల్డెబ్రాండ్ యూరపు ఇనుపయుగంలోని తొలి దశకు ఈ ఊరి పేరే పెట్టాడు. నేడు క్రీస్తుపూర్వం 800 నుంచి 450 వరకు గల ఆ కాలాన్ని ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో 'హాల్‌స్టాట్ సంస్కృతి' అంటున్నారు. 750 మంది ఊరి పేరు ఒక యుగానికి పేరు కావడానికి కారణం అక్కడ దొరికిన కత్తులు మాత్రమే కావు, దొరికినదాన్ని దొరికినట్లు వ్రాసుకొన్న ఓ గని ఉద్యోగి ఓపిక కూడాను. వియన్నాలోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఆ వస్తువులు చూడవచ్చు. ఆ సంస్థవారు నేటికీ గనిలో తవ్వకాలు సాగిస్తూనే ఉన్నారు.

అడవి, గొట్టం

మధ్యయుగాల్లో పద్ధతి మారింది. గునపంతో కొట్టడం మాని, కొండలో గదులు తొలిచి నీరు నింపేవారు. నీరు ఉప్పును కరిగించుకొంటుంది, మట్టి అడుగున పడుతుంది. ఆ చిక్కని ఉప్పునీటిని కిందికి పారించి పెద్ద పెద్ద పెనాల్లో కాచేవారు. కాచడానికి కట్టె కావాలి కదా! రాత్రింబవళ్ళు మండే పొయ్యిలకు చుట్టుపక్కల అడవి ఎంతకాలం సరిపోతుంది?

అప్పుడు వారు చేసిన ఆలోచన మన ఇంజనీరింగు మిత్రులు గమనించదగింది. కట్టెలను ఉప్పు దగ్గరికి తేవడంకంటె ఉప్పునే కట్టెల దగ్గరికి పంపడం నయం అనుకొన్నారు. ఉప్పు నీటిలో కరిగే ఉన్నది, నీరు పల్లానికి పారుతుంది. 1595 నుంచి 1607 వరకు శ్రమించి హాల్‌స్టాట్ నుంచి ఎబెన్సే వరకు సుమారు 40 కిలోమీటర్ల గొట్టం వేశారు. ఇనుముతో కాదు, చెట్ల మొద్దులతో. మధ్యలో తొలిచిన 13,000 మొద్దులను కొసకు కొస తగిలించారు. పంపులు లేవు, యంత్రాలు లేవు, వాలు ఒక్కటే ఆధారం. నేటికీ హాల్‌స్టాట్ ఉప్పునీరు కొత్త గొట్టాలలో ఎబెన్సే ప్రాంతపు కర్మాగారానికే పోతున్నది. గని పూర్తిగా మూతపడలేదన్నమాట. ఆ గొట్టం వెంబడి ఉన్న కాలిబాట మీద కొంతదూరం నడిచాను. ఇప్పుడు అది షికారు బాట. ఎడమ కుడి పూలు, కింద సరస్సు. ఒకనాడు గొట్టం ఎక్కడ కారుతున్నదో చూడడానికి మనుషులు నడిచిన దారి అది.

శిఖరం, కపాలాలు

ఇక బొమ్మల్లో అందరినీ ఆకర్షించే చర్చి శిఖరం సంగతి. ఉప్పు రాజుగారి గుత్తసొమ్ము. ఆ ప్రాంతం పేరు సాల్జ్‌కామర్‌గుట్ అంటే ఖజానావారి ఉప్పు ఎస్టేటు అని అర్థం. ఖజానాకు ఉప్పు ఎంత ముఖ్యమో పనివారి విధేయతా అంత ముఖ్యం. కాని గనివారిలో చాలామంది లూథర్ మతం స్వీకరించారు. ప్రభుత్వం కాథలిక్కు. 1734 మొదలు చక్రవర్తి ఆరవ చార్లెస్ ఈ ప్రాంతపు ప్రొటెస్టెంటు కుటుంబాలను బలవంతంగా దూరాన ఉన్న ట్రాన్సిల్వేనియాకు తరలించాడు. 1781లో రెండవ జోసెఫ్ వారి ఆరాధనకు అనుమతి ఇచ్చాడు గాని, ప్రార్థనామందిరానికి శిఖరం ఉండరాదు, గంట ఉండరాదు అని షరతు. 1861లో సమాన హక్కులు వచ్చాయి. 1863లో సరస్సు ఒడ్డున చర్చి పూర్తయింది, శిఖరంతో సహా! ఫొటోల్లో మధ్యన నిలిచే ఆ సూదిమొన అలంకారం కాదు. తరతరాలు దాక్కొని ప్రార్థన చేసుకొన్నవారు తల ఎత్తిన గుర్తు.

అదే 1734లో గనిలో ఉప్పుకు అతుక్కుపోయి నలిగిన ఒక శవం దొరికింది. ఎన్నో వందల ఏళ్ళనాటి గనివాడు. క్రైస్తవుడు కాడని అతన్ని శ్మశానంలో ఒక మూల పాతిపెట్టారు. మతం పేరిట బ్రతికినవారిని ఊరు దాటించిన ఏడే, చచ్చినవాడికీ వేరే మూల చూపించారు.

కాథలిక్కు చర్చి కొండచరియ మీద ఉన్నది. పక్కన చిన్న శ్మశానం. ఊళ్ళో బ్రతికినవారికే చోటు చాలదు, చనిపోయినవారికి ఎక్కడిది? అందుకని కొన్నేళ్ళకు సమాధి తెరచి, కపాలాన్ని శుభ్రపరచి, ఎండబెట్టి, పేరు, తేదీ వ్రాసి, పూలదండలు చిత్రించి పక్క గదిలో పేర్చేవారు. అటువంటి కపాలాలు అక్కడ సుమారు 1,200 ఉన్నాయి. వాటిలో 610 చిత్రించినవి. చూచేవారికి అది వింత. ఊరివారికి అది తాతముత్తాతల వరుస. ఒక ఇంటిపేరు కిందనే నాలుగైదు కపాలాలు చూచి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేటి ఊరు

1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. తరువాత టూరిస్టుల రద్దీ పెరిగింది. 2012లో చైనాలో హుయిజౌ నగరం దగ్గర ఈ ఊరి నకలునే కట్టేశారు. చర్చి, బజారు, అన్నీ. కట్టించినది ఖనిజాల వ్యాపారంలో పేరుపొందిన సంస్థ కావడం ఒక తమాషా. నకలులో యిళ్ళు కట్టవచ్చు, 7,000 ఏళ్ళ గని ఎక్కడినుంచి తెస్తారు?

రద్దీ రోజుల్లో ఈ 750 మంది ఊరికి 10,000 మంది దాకా వస్తున్నారు. 2020 నుంచి టూరిస్టు బస్సులు ముందుగా వేళ నిర్ణయించుకొని రావాలని నియమం పెట్టారు. 2023 మే నెలలో, ఫొటోలు తీసుకొనే ముఖ్యమైన చోట చూపుకు అడ్డంగా చెక్కల కంచె వేశారు. గొడవ కావడంతో తీసేశారు. ఆగస్టులో ఊరివారు, రోజుకు ఇంతమందే రావాలి, సాయంత్రం 5 దాటితే బస్సులు వద్దు అని కోరుతూ నిరసన తెలిపారు. నేను వెళ్ళినది దాని మరుసటి నెల.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటి పెద్దావిడ తండ్రి గనిలో పనిచేసినవాడట. "మా నాన్న కొండమీద సంపాదించాడు, నేను కిటికీమీద సంపాదిస్తున్నాను" అన్నది. సరస్సు కనబడే గదికి అద్దె ఎక్కువ మరి! తరువాత ఆమె అన్న మాట నా పుస్తకంలో వ్రాసుకొన్నాను. "వచ్చినవాళ్ళందరూ నీళ్ళవైపు చూస్తారండీ. వెనక్కి తిరిగి కొండవైపు చూసేవాళ్ళు తక్కువ."

టూరిస్టులవల్ల ఊరికి డబ్బు వస్తున్నది, కాదనలేము. గనిలో దొరకని పని హోటళ్ళలో దొరుకుతున్నది. కాని కిటికీలో పూలకుండీ పెట్టుకొంటే అది కూడా ఎవరిదో ఫొటోలో పడుతుంది. తలుపు తెరిస్తే తెలియనివాళ్ళు లోపలికి తొంగిచూస్తారు. పూర్వం ఊరు ఉప్పును తవ్వి అమ్మేది. ఇప్పుడు తననే తవ్వి అమ్ముకొంటున్నది. ఉప్పుకైతే ఎంత తీయాలో లెక్క ఉండేది. చూపులకు ఆ లెక్క ఎవరు కట్టాలన్నదే ఇప్పుడు అక్కడి తగాదా.

మన సంగతి

దూరదేశపు ఊరిని గూర్చి ఇంత చెప్పడం ఎందుకంటే, గని ఊళ్ళు మనకూ ఉన్నాయి కనుక. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. అక్కడినుంచి గోదావరి లోయ పొడవునా బొగ్గుబావులు వెలిశాయి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తినవారు అనేకమంది పదవీవిరమణ చేసి ఇళ్ళ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. కోలారు బంగారు గనుల్లో మన తెలుగువారూ తరాల తరబడి పనిచేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. గూడూరు వైపు అభ్రకపు గనులు ఒకప్పుడు ఎంత సందడిగా ఉండేవో పెద్దలకు తెలుసు.

మన బొగ్గుకు ఉప్పు గుణం లేదు. దేన్నీ కుళ్ళకుండా దాచి ఉంచదు. హాల్‌స్టాట్ కూలివాడి జోడు 3,000 ఏళ్ళు నిలిచింది. మన కార్మికుడి మాట ముప్ఫై ఏళ్ళు నిలుస్తుందా? ఎవరో ఒకరు వ్రాసుకొంటేనే నిలుస్తుంది. రామ్‌సవర్ వద్ద డిగ్రీలు లేవు. అంకె వేయడం, కొలవడం, గీయడం, వ్రాయడం, ఇవే ఆయన పనిముట్లు. అవి మన విద్యార్థుల వద్దా ఉన్నాయి. పైగా జేబులో ఫోనుంది, గొంతు రికార్డు చేసుకోవచ్చు.

కనుక నా సూచన ఒక్కటే. మీలో గని ఊళ్ళనుంచి వచ్చినవారు ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తెరవండి. పనిముట్ల పేర్లు, బావుల పేర్లు, లోపల వాడే మాటలు, షిఫ్టు వేళలు, మూటకట్టుకుపోయిన అన్నం, ఒంటికి తగిలిన దెబ్బలు, అన్నీ పెద్దలను అడిగి, అడిగిన తేదీతో సహా వ్రాయండి. పనిముట్టు ఇంట్లో ఉంటే కొలతలతో బొమ్మ గీయండి. చిన్న విషయమని వదలకండి. ఏది చిన్నదో, ఏది పెద్దదో నిర్ణయించేది మనం కాదు, మన తరువాతివారు. అటువంటి పుస్తకం ఒక్కటైనా మా శాఖకు అందితే, వచ్చే సంవత్సరం సంచికలో ఈ పేజీలు దానికే ఇవ్వవలసిందిగా సంపాదకవర్గాన్ని నేనే అడుగుతాను.